తొమ్మిదో నంబరు చెప్పులు

అమ్మాయిల హాస్టల్ మేట్రన్ సీతారావమ్మ హాజరుపట్టీ పట్టుకుని తిరగడం ఎవరూ చూడలేదు. ఆవిడకి చెప్పులు చాలు. ఆ హాస్టల్లో గదిలోకి చెప్పులతో పోకూడదని రూలు. ఆ రూలు పెట్టిందీ ఆవిడే. రోజూ సాయంత్రం ఆరున్నరకి వరండా ఈ చివర బయల్దేరి ఆ చివరికి చేరేసరికి ఎవరున్నారో, ఎవరు లేరో, ఎవరి గదిలో ఎవరు దూరి కబుర్లు చెప్పుకుంటున్నారో మొత్తం ఆవిడ బుర్రలోకి ఎక్కేస్తుంది. నూట ఇరవై మంది పిల్లలు, నూట ఇరవై జతలు. ఒకసారి ఎవరో గడుసుపిల్ల పాత చెప్పులు గుమ్మం ముందు వదిలేసి, కొత్త చెప్పులేసుకుని బెంజ్ సర్కిల్ దాకా షికారు పోయింది. సీతారావమ్మ ఆ పాత చెప్పుల మీద వేలు పెట్టి రాసి చూసింది. దుమ్ము. రోజూ వేసుకునే చెప్పు మీద దుమ్మెందుకుంటుంది? ఆ పిల్ల తిరిగొచ్చేసరికి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునుంది మహాతల్లి!

ఆవిడ అనుమానం ఇవాళ్టిది కాదు. ఉయ్యూరు పక్కన పల్లెటూళ్ళో ఎనిమిదేళ్ళప్పుడు నాన్న ఆవిణ్ణి కళ్ళంలో వడ్ల రాశి దగ్గర కూర్చోబెట్టి, భోజనానికి ఇంటికెళ్ళాడు. పిల్లకి కునుకు పట్టింది. లేచేసరికి రాశి ఒక పక్క గుంటపడి ఉంది. నాన్న కొట్టలేదు, తిట్టలేదు. రాశి వంకా కూతురి వంకా ఒకసారి చూసి, కండువా దులుపుకుని పోయాడు. ఆ చూపు ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పట్నుంచీ కళ్ళల్లో వత్తులు వేసుకునే బతికింది. పాలవాడి కొలతని అనుమానించింది, గ్యాస్ బండ బరువుని అనుమానించింది, పెళ్ళయిన కొత్తలో మొగుడు వెంకటకృష్ణారావు ఊరికే మల్లెపూలు తెస్తే, "ఏం చేసొచ్చారు?" అని అడిగింది. పాపం, ఆ మనిషి మళ్ళీ పూలు తేలేదు.

అలాంటి ఆవిడ హాస్టల్లో కమిటీలు పెట్టమని యూనివర్సిటీ వాళ్ళు ఈ ఏడాది కాగితం పంపించారు. మెస్సుకొక కమిటీ, శుభ్రానికొకటి, ఆటపాటలకొకటి, కొత్తగా చేరిన పిల్లలకి తోడుగా ఉండడానికి ఇంకొకటి. దానికి 'తోడు కమిటీ' అని పేరు కూడా పెట్టేశారు. సీతారావమ్మ కాగితం మూడుసార్లు చదివింది. కమిటీలంటే ఏమిటో ఆవిడకి బాగా తెలుసు. వాళ్ళ అపార్ట్‌మెంట్లో నీళ్ళ ట్యాంకు కడిగించడానికి కమిటీ వేస్తే, ట్యాంకు అలాగే ఉంది గానీ మూడు కుటుంబాల మధ్య మాటలు పోయాయి.

తోడు కమిటీకి ప్రెసిడెంటు మనోజ్ఞ. గుడివాడ పిల్ల, వాళ్ళది వ్యవసాయ కుటుంబం, నాన్నకి ఎరువుల వ్యాపారం. నోరు కాస్త పెద్దది. ఆ పిల్లని చూసి సీతారావమ్మ భయపడలేదు. గట్టిగా మాట్లాడేవాళ్ళ దగ్గర దాపరికం తక్కువుంటుందని ఆవిడ నమ్మకం. ఆవిడ భయమంతా సెక్రటరీ గురించే. సెక్రటరీ జ్యోతిర్మయి పెడన నుంచి వచ్చిన నేతపనివాళ్ళమ్మాయి. ఎం.కాం. రెండో ఏడు. మెత్తగా నవ్వుతుంది, మెత్తగా మాట్లాడుతుంది, చేతిలో ఒక నోటుపుస్తకం పెట్టుకుని సాయంత్రాలు గది గదికీ తిరుగుతుంది. ఎందుకు తిరుగుతుంది? ఆ పుస్తకంలో ఏం రాస్తుంది? దీని వెనక ఎవరున్నారు?

కొత్తపిల్లల్ని ఒక్కొక్కర్నీ ఆఫీసు గదిలోకి పిలిచి ఆరా తీసింది.

"ఏమ్మా, ఆ జ్యోతిర్మయి మీ గదికొచ్చి ఏమంటుంది?"

"తిన్నావా అని అడుగుతుంది మేడం."

"అంతేనా? సంతకాలేమన్నా పెట్టించుకుందా? ఏదన్నా పార్టీ, గీర్టీ?"

"లేదు మేడం. అన్నం తిన్నావా, నిద్ర పడుతోందా అంటుంది. అంతే."

ఈ జవాబుతో సీతారావమ్మ అనుమానం రెట్టింపయింది. ఈ రోజుల్లో తిన్నావా అని ఊరికే ఎవరడుగుతారండీ? ఏదో ఉంది. కచ్చితంగా ఏదో ఉంది.

ఆగస్టు నెలలో రెండో శనివారం. క్లాసుల్లేవు. వానలు మొహం చాటేసి, ఎండ మే నెలని మించిపోతోంది. ఆ ముందు ఆదివారం మైలవరంలో చుట్టాల గృహప్రవేశానికని వెళ్ళిన సీతారావమ్మ, అక్కడే జ్వరం తగిలి, వారమంతా మంచాన పడి ఆ శనివారం పొద్దున్నే తిరిగొచ్చింది. వారం రోజులు తన కళ్ళు లేకుండా హాస్టల్ ఏమైపోయిందోనని పదకొండింటికి వరండాలో బయల్దేరింది. పద్నాలుగో గది జ్యోతిర్మయిది. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. గుమ్మం ముందు పన్నెండు జతలు. మనోజ్ఞ ఎర్ర పట్టీల చెప్పులు, కొత్తపిల్ల రామతులసి తెల్ల చెప్పులు, ఇంకా కమిటీ వాళ్ళందరివీ ఉన్నాయి. జ్యోతిర్మయి ఆకుపచ్చ చెప్పులు మాత్రం లేవు. వాటి చోటులో, గోడవారగా, ఒక మగాడి చెప్పులున్నాయి.

తొమ్మిదో నంబరు. నీలం పట్టీలు, వెడల్పాటి మడమ. చూడగానే తెలిసిపోతోంది.

లోపల గుసగుసలు వినిపిస్తున్నాయి. ఎవరో ఏడుస్తున్నట్టు కూడా ఉంది. సీతారావమ్మ చెయ్యి తలుపు మీదకి పోయి ఆగిపోయింది. దానికో కారణముంది. పన్నెండేళ్ళ కిందట ఇలాగే ఒక గదిలో మగగొంతు వినిపించి, దబదబా తలుపు బాదింది. తీరా చూస్తే ఆ పిల్ల ఫోన్లో ఏదో పాఠం వింటోంది. ఆ పిల్ల తండ్రి పెద్ద రభస చేశాడు. సీతారావమ్మని రెండేళ్ళ పాటు స్టోర్ రూముకి మార్చి పడేశారు. ఆనాటి నుంచి ఆవిడ తనకు తాను ఒక పద్ధతి పెట్టుకుంది. ముందు ఇంటికి ఫోను, తర్వాతే తలుపు. కన్నవాళ్ళకి చెప్పిన తర్వాత ఇక తననెవరూ వేలెత్తి చూపలేరని ఆవిడ ధీమా.

వరండా మూలకి పోయి జ్యోతిర్మయి తండ్రి ఏడుకొండలు నంబరు కొట్టింది. అటువైపు టకటకమని ఒకటే మోత. ఆ మోతలోంచే గొంతు వచ్చింది.

"చెప్పండమ్మా."

"హాస్టల్ మేట్రన్ని. మీ అమ్మాయి గదిలో మగాడున్నాడు. తలుపేసుకున్నారు. మీరు వెంటనే బయల్దేరి రండి."

చూడండి, ఆవిడ చూసింది చెప్పుల్ని. చెప్పింది మగాణ్ణి. ఈ రెంటికీ మధ్య ఎంత దూరముందో ఆవిడకి ఆ క్షణాన తట్టలేదు. అటువైపు ఒక మోత టక్కున ఆగింది. తర్వాత ఇంకోటి, ఇంకోటి. చివరికి చడీ చప్పుడూ లేదు. లైను పోయిందనుకుని సీతారావమ్మ ఫోను పెట్టేసింది. తర్వాత వెళ్ళి తలుపు కొట్టింది.

మనోజ్ఞ తీసింది. లోపల పన్నెండు మంది అమ్మాయిలు కింద చాప మీద కూర్చునున్నారు. మధ్యలో రామతులసి, ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది. ఊళ్ళో చదువంతా తెలుగులో చదివి, ఇక్కడ క్లాసులో ఒక్క ముక్క అర్థంకాక, నాలుగు రోజులుగా మంచం దిగకుండా, ఎవరితోనూ పలక్కుండా పడుంది ఆ పిల్ల. జ్యోతిర్మయి పెరుగన్నం గిన్నె పట్టుకుని పక్కనే కూర్చుంది.

సీతారావమ్మకి అవేమీ కనిపించలేదు. మంచాల కింద చూసింది, బాత్రూములో చూసింది, కిటికీ ఊచలు లాగి చూసింది.

"ఏడీ వాడు?"

"ఎవరు మేడం?" అంది మనోజ్ఞ.

"ఈ చెప్పుల వాడు!"

జ్యోతిర్మయి నెమ్మదిగా, "అవి నావే మేడం," అంది. "మా నాన్నవి. పోయిన ఆదివారం గవర్నర్‌పేట కొట్లో చీరలిచ్చి నన్ను చూడ్డానికొచ్చాడు. బస్టాపులో నా చెప్పు తెగిపోయింది. తనవి ఇచ్చేశాడు."

"ఇచ్చేసి ఆయనేం వేసుకున్నాడు?"

"ఏం లేదు మేడం. పొద్దుట్నుంచీ రాత్రి దాకా మగ్గం గుంటలో కాళ్ళు దించి కూర్చునేవాడికి చెప్పులెందుకే, మూడేళ్ళయినా అరగలేదు చూడు, అన్నాడు."

"చాల్లే! కథలు చెప్పకు. మీ నాన్నే వస్తున్నాడు. ఆయన్నే అడుగుదాం."

ఆ మాటతో జ్యోతిర్మయి చేతిలో గిన్నె కిందకి దిగింది.

"మా నాన్నకి ఫోన్ చేశారా? ఏమని చెప్పారు?"

చెప్పింది. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎంత పని చేశారు మేడం," అంది. గబగబా తండ్రికి ఫోన్ కలిపింది. ఎత్తింది తల్లి చౌడేశ్వరమ్మ. వెక్కివెక్కి ఏడుస్తోంది. ఏడుకొండలు ఉన్నపళాన గుంటలోంచి లేచి, ఫోను మగ్గానికే వదిలేసి, పరుగెత్తాడట.

"అమ్మా, అవి నాన్న చెప్పులే అమ్మా! ఇక్కడెవరూ లేరు!"

"నాకు తెలుసు తల్లీ," అంది చౌడేశ్వరమ్మ. వెనక ఎవరిదో గొంతు స్పష్టంగా వినిపించింది. "పిల్ల అలాగే అంటుంది మరి. అంత పెద్దావిడ ఊరికే చెబుతుందా?"

అప్పటిగ్గానీ అసలు సంగతి బయటపడలేదు. ఆ షెడ్డులో నాలుగు మగ్గాలు. నేసేవాడికి రెండు చేతులూ ఖాళీ ఉండవు కదా, ఫోనొస్తే మగ్గానికి వేలాడదీసిన సంచీలోంచే స్పీకరు పెట్టేస్తారు. ఎవరింటి ఫోనైనా నలుగురూ వినాల్సిందే. వడ్డీవాడి ఫోనూ, కొత్త అల్లుడి ఫోనూ, అంతా బహిరంగమే. సీతారావమ్మ ఒక తండ్రికి చెప్పాననుకుంది. షెడ్డు మొత్తానికి చెప్పింది. షెడ్డుకి తెలిస్తే వీధికి తెలియడానికి ఎంతసేపు?

"మేడం, ఒక్క మాట మా వాళ్ళకి మీరు చెప్పండి మేడం. మీ కాళ్ళు పట్టుకుంటాను. నాన్న వచ్చాడంటే నన్ను తీసుకుపోతాడు. నా చదువు పోతుంది."

సీతారావమ్మ మనసు ఒక్క నిమిషం మెత్తబడింది. వెంటనే బిగుసుకుంది. తల్లీకూతుళ్ళు ఒక మాట మీదున్నారు. పన్నెండు మంది పిల్లలూ ఒక మాట మీదున్నారు. కమిటీ అంటే ఇదే కదా! ఆ చెప్పుల్ని పాత పేపర్లో చుట్టి, సాక్ష్యమని తన ఆఫీసు గదికి పట్టుకుపోయి, బల్ల మీద పెట్టుకుని కూర్చుంది.

రెండున్నర దాటింది. ఆ మధ్యలో భోజనం కూడా చెయ్యలేదావిడ. పిల్లలూ చెయ్యలేదు. పన్నెండు మందీ ఆఫీసు గది బయట వరండాలో వరసగా కూర్చున్నారు. అరుపుల్లేవు, నినాదాల్లేవు. అరిచినా బాగుండేదనిపించింది సీతారావమ్మకి. కాసేపటికి లెక్కపెట్టుకుంటే పదిహేడుమంది అయ్యారు. ఇంకాసేపటికి ముప్ఫై. ఎవరు పిలిచారు వీళ్ళని? ఏం చెయ్యబోతున్నారు?

మూడింటికి గేటు చప్పుడైంది. అలవాటు కొద్దీ ఆవిడ చూపు వచ్చే మనిషి కాళ్ళ మీదకే పోయింది.

చెప్పుల్లేవు.

పెడన నుంచి బందరొచ్చి, బందరు బస్సెక్కి, బెంజ్ సర్కిల్లో దిగి, ఆటోవాళ్ళు ఎక్కువడిగారో ఏమో, మిగతా దూరం తారురోడ్డు మీద నడిచొచ్చిన కాళ్ళు. మడమకి కరిగిన తారు అంటుకుంది. గళ్ళ లుంగీ, బొత్తాలు తప్పుగా పెట్టుకున్న చొక్కా, జుట్టులో దూది నూగు.

"మా అమ్మాయేదండీ?" అన్నాడు ఏడుకొండలు, నేరుగా ఆఫీసు గదిలోకి వచ్చి.

జ్యోతిర్మయి లేచి దగ్గరకొచ్చింది. ఆయన కూతుర్ని ఎగాదిగా చూశాడు. కొట్టడానికి చెయ్యి ఎత్తుతాడేమోనని అందరూ ఊపిరి బిగబట్టారు. ఆయన ఎత్తలేదు. గచ్చు మీద ఒక కాలు మార్చి ఒక కాలు పెడుతున్నాడు. అరికాళ్ళు మండిపోతున్నాయి. అంతలో బల్ల మీద సగం విప్పిన పేపర్లో నీలం పట్టీలు కంటబడ్డాయి.

"ఇవిక్కడున్నాయేమే?" అని కూతుర్ని అడిగి, జవాబు కోసం చూడకుండా వాటిని తీసి కిందేసి, కాళ్ళు దూర్చేశాడు. సరిగ్గా సరిపోయాయి. ఎడమ చెప్పుకి బొటనవేలి గుంట కూడా ఆ వేలిదే. కాళ్ళకి కాస్త హాయి తగిలిన తర్వాత తలెత్తి, గొంతు బిగించి, "వాడేడమ్మా? ఎవడు వాడు?" అన్నాడు.

మనోజ్ఞే అంది.

"మీరే అంకుల్. ఆ మగాడు మీరే."

ఏడుకొండలుకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. చెప్పుల వంక చూసుకున్నాడు, బల్ల వంక చూశాడు, సీతారావమ్మ వంక చూశాడు. కోప్పడితే ఆవిడకి జవాబు చెప్పడం వచ్చు. ఆయన కోప్పడలేదు. బెంచీ మీద కూలబడి మొహం తుడుచుకున్నాడు. ఆ చూపు ఎక్కడిదో ఆవిడకి తెలుసు. గుంటపడ్డ వడ్ల రాశి దగ్గర ఒకసారి చూసింది.

"నా బిడ్డ సంగతి నాకు తెలుసమ్మా," అన్నాడు. "దారి పొడుగునా అదే అనుకుంటూ వచ్చాను. కానీ తీసుకుపోతానండీ. మూడు మగ్గాల వాళ్ళు విన్నారు. ఇప్పటికి వీధంతా వినుంటారు. నేను ఒక్కణ్ణే తిరిగి వెళ్ళి, అవి నా చెప్పులేనర్రా అంటే నవ్వుతారు. కప్పిపుచ్చుకుంటున్నాడంటారు. రేపు వాళ్ళమ్మ కుళాయి దగ్గరకి ఏ మొహం పెట్టుకుని పోతుందండీ? సామాను సర్దుకో అమ్మాయ్."

"నాన్నా, ఇంకో తొమ్మిది నెలలు!" అని జ్యోతిర్మయి ఏడ్చేసింది. వారమంతా పిల్లల ఏడుపులు మాన్పించిన పిల్ల, తన ఏడుపు ఆపుకోలేకపోయింది.

గుమ్మం దగ్గర్నుంచి ఒక సన్నటి గొంతు వినిపించింది. రామతులసిది. నాలుగు రోజులుగా నోరు విప్పని పిల్ల.

"మళ్ళీ అదే ఫోనుకి చెయ్యండి మేడం. ఫోను మగ్గం దగ్గరే ఉందిగా. అప్పుడు చెప్పినట్టే చెప్పండి, అందరికీ వినబడేలాగ."

తప్పు నాదని సీతారావమ్మ ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్కరికీ చెప్పలేదు. మొగుడికి కూడా చెప్పలేదు. ముప్ఫై మంది పిల్లల ముందు చెబితే రేపట్నుంచి తన మాట ఎవరు వింటారు? ఎవరో వీడియో తీస్తారు. పైవాళ్ళకి పంపిస్తారు. మళ్ళీ స్టోర్ రూమే గతి.

"ముందు ఆ ఫోన్లన్నీ తెచ్చి బల్ల మీద పెట్టండి," అంది.

ఎక్కడికి పోతుంది పుట్టుబుద్ధి! పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒక్కొక్కరే వచ్చి పెట్టారు. బల్ల నిండిపోయింది. ఆవిడ వాటిని కళ్ళతోనే లెక్కపెట్టి, తన ఫోను తీసి నంబరు కొట్టింది.

చౌడేశ్వరమ్మ ఎత్తింది.

"నేను హాస్టల్ మేట్రన్నమ్మా. స్పీకరుందా?"

"ఉందండీ. అందరూ ఇక్కడే ఉన్నారు."

"పొద్దున నేను చెప్పింది తప్పు," అంది సీతారావమ్మ. తనకే వినబడేంత మెల్లగా. "మీ అమ్మాయి గదిలో..."

"వినపడ్డం లేదండీ, గట్టిగా చెప్పండి!" అని ఎవరో మగమనిషి అరిచాడు.

ఆవిడ లేచి నిలబడింది.

"తప్పు నాది! గదిలో మగాడు లేడు. నేను మనిషిని చూళ్ళేదు. చెప్పులు చూశాను. చూడకుండానే మనిషి ఉన్నాడని చెప్పాను. ఆ చెప్పులు ఏడుకొండలు గారివే. ఆయన ఇక్కడే వేసుకుని కూర్చున్నారు. పిల్ల, దిగులు పెట్టుకున్న ఇంకో పిల్లకి అన్నం తినిపిస్తోంది. అంతే జరిగింది. బిడ్డ బంగారం. నన్ను క్షమించండి."

సీతారావమ్మకి ఎన్నడూ తెలియని సిగ్గేసింది, దాని వెంటే కాస్త తేలికగానూ అనిపించింది. ఫోన్లోంచి చౌడేశ్వరమ్మ గొంతు వచ్చింది.

"ఆయన కాళ్ళు కాలాయాండీ?"

సీతారావమ్మ ఏడుకొండలు కాళ్ళ వంక చూసింది. ఈలోపు ఫోన్లో టక్కుమని ఒక మోత. అది ఊపందుకుంది. దానికి తోడు రెండోది కలిసింది. కాసేపాగి మూడోది. ఆవిడ ఫోను చెవికి నొక్కుకుని వింటూనే ఉంది. పొద్దున ఆగిపోయిన మోతలేమిటో ఇప్పుడు బాగా అర్థమైంది. వింటూ లెక్కపెట్టుకుంటోంది. ఆ బుద్ధి మాత్రం ఎక్కడికీ పోలేదు.

"మూడే ఆడుతున్నాయి," అంది కంగారుగా. "షెడ్డులో నాలుగు కదూ? ఎవరో ఒకరు నమ్మలేదు. ఉండండి, మళ్ళీ చెబుతాను."

ఏడుకొండలు బెంచీ మీద నుంచి లేచాడు.

"నాలుగోది నాదేనండీ," అన్నాడు. "నేను వెళ్ళి కూర్చుంటే గానీ అది ఆడదు."

చెప్పులు విప్పి, కూతురి కాళ్ళ ముందు పెట్టాడు.